పన్నెండు చూపించిన అడాప్టరు

రేపు ఉర్సు గంధం అనగా దర్గా గూట్లోని దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. వెలుగుతుంది, సన్నగిల్లుతుంది, ఇక పోయిందనుకునేలోపు మళ్ళీ వెలుగుతుంది. కాసేపు చూస్తే కళ్ళు నొప్పి పుట్టేటట్టుంది.

నబీరసూల్ రెండు ఫిర్యాదులు పట్టుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

"సామీ, దీపం పోయింది. రెండోది కూడా నాసిరకమే తగిలింది. ఇంకో మాట సామీ. మద్దిలేటిని ఈ పొద్దే ఇంటికి పంపించేద్దాం. రేపు జనం వస్తారు. అతను నిలబడే మనిషి కాదు."

గురువు వసారాలో కూర్చుని దూది విడదీస్తున్నాడు. ఉర్సుకు వచ్చేవాళ్ళ కోసం పాత దిండ్లు విప్పి మళ్ళీ కూరడం ఆయనకు ఏటా ఉన్న పని. తల ఎత్తకుండానే అన్నాడు.

"ముందు దీపం సంగతి చూడు. మద్దిలేటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

ఆ దర్గా నాపరాళ్ళ గనుల మధ్య ఒక చిన్న గుట్ట మీద ఉంటుంది. పగలంతా రాతిదుమ్ము మింగి, సాయంత్రం గొంతు కడుక్కోవడానికని సారా మొదలుపెట్టి, చివరికి సారా తప్ప ఇంకేమీ మిగలని మగవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళ నిండా ఉన్నారు. వాళ్ళను పెళ్ళాలో అక్కచెల్లెళ్ళో చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కిస్తారు. పీరాసామి దగ్గర వదిలితే తాగుడు మానుతారని అక్కడివాళ్ళ నమ్మకం. పీరాసామి అసలు పేరు ఖాసీం పీరా. దూదేకుల ఇంట పుట్టాడు, పరుపులు కుట్టి బతికాడు, తన గురువు పోయాక దర్గా చూసుకుంటున్నాడు. హిందువులా సాయిబులా అన్న తేడా లేకుండా అందరికీ ఆయన సామే.

ఆయన మంత్రాలు వెయ్యడు, తాయెత్తులు కట్టడు. వచ్చినవాణ్ణి మొదట సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళి మాత్రలు రాయిస్తాడు. తర్వాత శిష్యుల్లో ఒకణ్ణి పిలిచి, "ఈయనకు నువ్వు తోడు" అంటాడు. ఆయన వైద్యమంతా అదే. తోడు ఉన్నవాడు ఆ మనిషితో కలిసి తినాలి, కలిసి పని చెయ్యాలి, రాత్రి అతని పక్కనే చాప వేసుకోవాలి. చేతులు వణికినప్పుడు పట్టుకోవాలి. గోడ మీద చీమలు పాకుతున్నాయని అతను అరిచినప్పుడు లేచి కూర్చుని, అవి పోయేదాకా తనూ ఆ గోడ వంకే చూడాలి. మాత్రలు ఒంటికి, తోడు రాత్రికి అనేవాడు పీరాసామి. వయసులో ఉన్నప్పుడు తను ఎంతమందికి తోడున్నాడో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు.

రసూల్ అలా కాదు. పాలిటెక్నిక్ చదివి, సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు విభాగంలో మంచి ఉద్యోగం చేస్తూ, దాన్ని వదులుకుని గుట్ట ఎక్కినవాడు. వదులుకున్నానని తన నోటితో ఎవరికీ చెప్పేవాడు కాదు. అయినా అందరికీ ఎలా తెలిసిందో మరి!

గురువారం గురువారం జనం కూడినప్పుడు అతను సబురు గురించి, అంటే ఓర్పు గురించి మాట్లాడేవాడు. ఏం మాట్లాడేవాడు! గొంతు పెంచడు, మాట తడుముకోడు, ఎవరి మనసుకు తగలాల్సింది వాళ్ళకు తగిలించి వదులుతాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. మాట బాగున్నవాడికి మనసూ బాగుంటుందని మనవాళ్ళకో గుడ్డి నమ్మకం. సారా కూల్చిన కొంపల లెక్క చెప్పేవాళ్ళున్నారు గానీ, ఈ నమ్మకం కూల్చిన కొంపల లెక్క ఎవరూ తియ్యరు.

రేపు గంధం ఎక్కాక పీరాసామి తన చేత్తో రసూల్ తలకు పచ్చ పటకా చుడతాడని ఊరంతా అనుకుంటోంది. ఆ పటకా పడితే, ముసలాయన తర్వాత దర్గా అతనిది. ఎవరికి ఎవరు తోడో, ఎవరు ఉండాలో, ఎవరు గుట్ట దిగాలో చెప్పేది అతనే. జనం ఎప్పుడో చిన్నసామీ అని పిలవడం మొదలుపెట్టారు. అతనూ పలుకుతున్నాడు.

మద్దిలేటి కంటే ముందు రసూల్ ఒక మనిషికి తోడున్నాడు. పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్ళు మోసే తిరుపాలు. నెల తిరక్కుండానే రసూల్ గురువు దగ్గరికి వచ్చి, "ఆయనలో గట్టిదనం లేదు సామీ. ఎంత చెప్పినా తలకెక్కదు. పంపించేద్దాం" అన్నాడు. పీరాసామి సరేనన్నాడు. తిరుపాలు గుడ్డసంచి భుజాన వేసుకుని గుట్ట దిగిపోయాడు. వానాకాలంలో, నీళ్ళు నిండిన పాత గనిలో తేలాడు. తాగి పడ్డాడని కొందరన్నారు, తాగకుండానే దూకాడని కొందరన్నారు. రెంటిలో ఏదైనా మనిషి మాత్రం పోయాడు.

అతని భార్య సుంకమ్మ ఇద్దరు మగపిల్లలతో ఆ గుట్ట కిందే ఉంటోంది. దర్గా వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, వచ్చే బియ్యంతో పిల్లల్ని సాకుతోంది. శవం మీద పడి ఏడుస్తున్న రోజున రసూల్ ఆమె పక్కన కూర్చుని, "ఏం చేస్తామమ్మా, ఆయనలో గట్టిదనం లేదు" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆ మంచిమనిషి నమ్మింది. అంతటివాడు చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది అనుకుంది.

ఇప్పుడు రసూల్ తోడులో ఉన్నది మద్దిలేటి. గనుల నుంచి ట్రాక్టరు తోలేవాడు. పెళ్ళాం గాజులమ్మి మరీ తీసుకొచ్చి వదిలింది. ఇక్కడ కుదరకపోతే ఇంకెక్కడికీ పోయే దారి లేదు అతనికి. దిగితే తిరుపాలు పోయిన దారే.

రసూల్ పనిముట్ల కోసం వెళ్ళాడు. పీరాసామి మద్దిలేటిని కేకేసి పక్కన కూర్చోబెట్టుకుని, దూది ముద్ద ఒకటి చేతికిచ్చాడు. అతని వేళ్ళు వణుకుతుంటే దూది చిన్న చిన్న తునకలుగా ఒళ్ళో రాలుతోంది. వాకిట్లో నీళ్ళ పైపు పట్టుకుని మెట్లు కడుగుతున్న సుంకమ్మ అది చూసింది.

"గట్టిగుండన్నా," అంది పైపు మూతి వేలితో అదుముతూ. "మా ఆయన మాదిరి మెత్తగ ఉండాకు. చిన్నసామి చెప్పేది ఇను."

"అట్లేలే సుంకమ్మా," అన్నాడు మద్దిలేటి.

ఆమె మెట్లు కడుక్కుంటూ కిందికి వెళ్ళిపోయింది. పీరాసామి అడిగాడు.

"రేత్రి నిద్ర పట్టిందా?"

"యాడ పడ్తాది సామీ. గోడంతా చీమలే. చిన్నసామి గది తలుపు కొట్టినా. సబురు చెయ్యి అన్న్యాడు లోపల్నుంచి. చేసినా. తెల్లారేదాక చేస్తానే ఉన్న్యా."

దూది విడదీస్తున్న ముసలిచెయ్యి ఆగింది.

"లోపల్నుంచా?"

"ఔ సామీ. గొళ్ళెం పెట్టుకొని పండుకుంటాడు గదా ఆయన."

మద్దిలేటి ఫిర్యాదు చెయ్యలేదు. అక్కడి పద్ధతే అది కాబోలనుకున్నాడు పాపం. పీరాసామి వణుకుతున్న ఆ చేతిని తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుని, దాని మీద తన చెయ్యి ఉంచాడు.

రసూల్ సంచీతో వచ్చి గూటి ముందు కూర్చున్నాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. ఆ దీపం కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసే ఒకావిడ మొక్కు కింద తెచ్చిచ్చింది. గాజు గుండు, దాని లోపల సన్నటి రాగితీగకు గుచ్చిన ఎల్‌ఈడీలు, కింద ఇత్తడి రంగు పీట. అంతకు ముందు గూట్లో నూనెదీపం ఉండేది. మసికి గూడంతా నల్లబడుతోందని రసూలే దాన్ని మాన్పించి, గోడ వెంట క్లిప్పులు కొట్టి వైరు లాగి, అడాప్టరును పలక మీద స్క్రూలతో బిగించాడు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

రంజాను నెలంతా ఆర్పకుండా ఉంచితే ఆ దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. రసూల్ మీటరు పెట్టి అడాప్టరును చూశాడు. పన్నెండు వోల్టులివ్వాలి, పన్నెండు చూపించింది. అయితే లోపం దీపానిదే అని తేల్చి, దాన్ని పీకి, పాత చాపలూ పగిలిన డప్పులూ పడేసే గదిలో పడేశాడు. ఆవిడ చేతనే అలాంటిది ఇంకొకటి తెప్పించాడు. దానితో పాటు కొత్త అడాప్టరు కూడా వచ్చింది గానీ, అందంగా లాగిన వైరును చెడగొట్టుకోవడం ఎందుకని పెట్టెలోంచి బయటికే తియ్యలేదు. సాయంత్రాలు మాత్రం వెలిగించినన్నాళ్ళూ కొత్త దీపం బుద్ధిగానే వెలిగింది. ఉర్సు వస్తోందని మళ్ళీ పగలూ రాత్రీ ఉంచేసరికి ఇదీ మొదటిదాని దారే పట్టింది.

రసూల్ ముందు స్విచ్చుబోర్డు చూశాడు. అదే సాకెట్లో వేరే బల్బు పెట్టి చూస్తే భేషుగ్గా వెలిగింది. వైరు పొడవునా వేలితో తడిమాడు, ఎక్కడా తెగలేదు, ఎలుక కొరకలేదు. అడాప్టరు నెత్తిన పచ్చచుక్క వెలుగుతోంది. దీపం పీటలోంచి పిన్ను పీకి, మీటరు ముళ్ళు దానికి ఆనించి గురువు వైపు తిప్పాడు.

"చూడండి సామీ. పన్నెండు. పైన ఇంకొంచెం కూడా ఉంది."

"అంటే ఏమప్పా?"

"అంటే అడాప్టరు బంగారం సామీ. ఇవ్వాల్సింది నిండుగా ఇస్తాంది. తీసుకునేదాంట్లోనే ఉంది లోపం. మొదటిదీ అంతే, ఇదీ అంతే. ఎన్ని మార్చినా ఇంతే."

"ఇప్పుడు దీపం తగిలిచ్చుండాదా దానికి?"

"లేదు సామీ. పిన్ను పీకి కొలిచినా."

"తగిలిచ్చి చూపిచ్చు."

రసూల్ నవ్వాడు. పెద్దవాళ్ళు చిన్నపిల్లల్లాగా అడిగినప్పుడు నవ్వే నవ్వు.

"తగిలించినా అంతే ఉంటాది సామీ. వచ్చేది ఎంతో కనపడుతానే ఉంది గదా."

"ఉంటే ఉండనీలే. నాకా అంకెలు చూడాలని ఉండాది."

తగిలించి కొలవాలంటే దీపం పీట దగ్గర అతుకు విప్పాలి. రసూల్ విసుగు పైకి కనపడనీయకుండా టేపు ఊడదీసి, రెండు తీగెల రాగి కనిపించేటట్టు చేసి, పిన్ను గుచ్చి దీపం వెలిగించాడు. అప్పుడు ముళ్ళు ఆనించాడు.

మీటరులో ఎనిమిది కనిపించింది. ఆరు. మళ్ళీ తొమ్మిది. అయిదు. అంకెలు ఎక్కడా కుదురుగా నిలవడం లేదు. వాటితో పాటే దీపం పెరుగుతోంది, తగ్గుతోంది.

"ఇప్పుడెంతుండాది?" అన్నాడు పీరాసామి.

రసూల్ ముళ్ళు తీసి, తుడిచి, మళ్ళీ ఆనించాడు. అదే ఆట. పిన్ను పీకి చూశాడు. పన్నెండు. గుచ్చి చూశాడు. ఆరు. అడాప్టరు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. దాని నెత్తిన పచ్చచుక్క మాత్రం ఇందాకటిలాగే వెలుగుతోంది.

అప్పుడిక అతనికి పూనకం వచ్చింది. ఎంతైనా చదివిన చదువు, చేసిన ఉద్యోగం. సాకెట్లోంచి పీకి, స్క్రూలు విప్పి, అడాప్టరు డొప్పను రెండుగా చీల్చాడు. లోపల ఒక బుడిపె లాంటి కెపాసిటర్ నెత్తి ఉబ్బి, పక్కకు జిగురు కారి ఉంది. పరిగెత్తుకుని వెళ్ళి కొత్త అడాప్టరు పెట్టె తెచ్చాడు. దాని సీలు చించి, దీపానికి తగిలించాడు. దీపం నిలకడగా వెలిగింది. మీటరు పెట్టాడు. దీపం వెలుగుతుండగానే పన్నెండు. ఎంతసేపు చూసినా పన్నెండే.

అంతటితో ఆగలేదు. పాత చాపల గదిలోకి దూరి, దుమ్ము కొట్టుకుపోయిన మొదటి దీపాన్ని తెచ్చి, లుంగీ అంచుతో తుడిచి, దాన్నీ తగిలించి చూశాడు. అదీ వెలిగింది. కొత్తదానికంటే ఒక పిసరు ఎక్కువే వెలిగిందేమో కూడా.

"రెండూ బాగానే ఉన్నాయి సామీ!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "రెండు దీపాల్లోనూ ఏ లోపమూ లేదు!"

"ఆ పాతది ఊరికేనే మూలబడిందా సామీ ఇన్నాళ్ళు?" అన్నాడు మద్దిలేటి. అతనికి వింతగా ఉంది.

"ఊరికేనే మద్దిలేటీ!" అన్నాడు రసూల్ నవ్వుతూ.

పీరాసామి అడిగాడు. "మరి ఏమైనట్టు?"

రసూల్‌కు చెప్పడమంటే ఇష్టం. మోకాళ్ళ మీద కూర్చుని, చీల్చిన అడాప్టరును అరచేతిలో పెట్టుకుని, గురువారం నాటి గొంతుతో చెప్పాడు.

"ఇదీ సామీ దీని గుణం. దీని మీద ఏ బరువూ లేనప్పుడు పన్నెండు చూపిస్తాది. ఎవరు చూసినా భేషని అంటారు. దీపం వచ్చి దీన్ని ఆనుకుందా, ఇంక నిలబడలేదు, జారిపోతాది. పచ్చలైటు మాత్రం వెలుగుతానే ఉంటాది, చూసేవాళ్ళ కోసం. మనమేమో దీపాన్ని తిడతాం. దీపం ఏం చేస్తాది సామీ? దానికి అందాల్సింది అందలేదు."

పీరాసామి అతని ముఖంలోకి చూస్తూ విన్నాడు.

"మళ్ళా చెప్పు," అన్నాడు.

ముసలాయనకు అర్థం కాలేదనుకున్నాడు రసూల్. ఈసారి నిదానంగా, విడమరిచి మొదలుపెట్టాడు.

"దీని మీద ఏ బరువూ లేనప్పుడు పన్నెండు చూపిస్తాది సామీ. ఎవరు చూసినా భేషని అంటారు. దీపం వచ్చి దీన్ని ఆనుకుందా..."

అక్కడ అతని చూపు పీరాసామి మోకాలి మీద పడింది. మద్దిలేటి చెయ్యి ఇంకా అక్కడే ఉంది. మద్దిలేటి ముసలాయన భుజానికి ఆనుకుని, నోరు కొంచెం తెరిచి, శ్రద్ధగా వింటున్నాడు. చెయ్యి వణకడం తగ్గింది.

"...ఆనుకుందా..." అన్నాడు రసూల్ మళ్ళీ.

పీరాసామి అడిగాడు.

"తిరుపాలు తలుపు కొట్టినాడా?"

రసూల్ అరచేతిలోని డొప్పలను నేల మీద పెట్టాడు.

"కొట్టినాడు సామీ."

"తీసినావా?"

రసూల్ తల అడ్డంగా ఊపాడు. కింద మెట్ల మీద సుంకమ్మ పైపు నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడుతోంది.

"నువ్వు పన్నెండు అంటివి," అన్నాడు పీరాసామి. "నేను నమ్మితిని. ఒక్క రేత్రన్నా వచ్చి, ఆ గది ముందర కూచ్చోని చూసింటే నాకూ తెలిసుండు. చూడలా. నీ మాట బాగుంటాది గదా, దాన్ని పట్టుకొని ఊరుకుంటి."

ఆయన కళ్ళల్లో నీళ్ళు లేవు. కోపం ఉంది. అందులో సగం తన మీదే. అంత పెద్దవాడు అంత చేదుగా మాట్లాడడం మద్దిలేటి ఎప్పుడూ వినలేదు. భయపడి చెయ్యి తీసుకోబోతే పీరాసామి వదల్లేదు.

రసూల్ నెత్తిన టోపీ తీసి పక్కన పెట్టాడు. గురువు పాదాల దగ్గర నుదురు ఆనించాడు. అతని వీపు ఎగిరెగిరి పడుతోంది. నిజంగానే ఏడుస్తున్నాడు, అందులో నటన లేదు. ఆ సంగతి ఒప్పుకోవాలి.

"సామీ, రేపు పటకా నాకొద్దు. నేను దానికి తగను."

పీరాసామి పాదాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఇప్పుడు గూడా నీ తలకాయ గురించేనా?"

రసూల్ తల ఎత్తాడు.

"పటకా పెట్టెలో ఉంటాది, దానికేమి తొందర. మద్దిలేటి యాడికీ పోడు, ఆయప్పకు నేనుండా తోడు." ఆయన గడ్డంతో సుంకమ్మ ఉన్న మెట్ల వైపు చూపించాడు. "ఆ బిడ్డకు ఎవురు చెప్తారు?"

రసూల్ లేచి మెట్ల వైపు నడిచాడు.

సుంకమ్మ కింది మెట్టు దగ్గర ఉంది. అతను దిగుతుంటే చూసి పైపు పక్కకు తిప్పింది. "మెల్లగ రాండి చిన్నసామీ. నాచుండాది, జారుతాది. ఈ పక్కకు రాండి," అంది. రేపు పటకా కట్టించుకోబోయే మనిషి కాళ్ళకు నీళ్ళు తగలకూడదని ఆమె ఆరాటం.

"సుంకమ్మా," అన్నాడు. "మనిషి అన్నాక... దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో..."

గురువారం మాటలు రావడం మొదలైంది. అవి తన చెవికే రోతగా వినిపించి ఆపేశాడు. మెట్టు మీద, ఆ తడిలోనే కూర్చుండిపోయాడు.

"అయ్యో, తడి సామీ..."

"తిరుపాలులో ఏ లోపమూ లేదమ్మా."

"ఏంది సామీ?"

"రాత్రిళ్ళు ఆయనకు భయమేసి నా తలుపు కొట్టేవాడు. నేను తీయలా. ఆ వణుకు, ఆ వాంతులు చూస్తే నాకు అసహ్యమేసేది. లోపల్నుంచే నాలుగు మంచి మాటలు చెప్పి పండుకునేవాణ్ణి. పొద్దున లేచి ఆయన గట్టోడు కాదని చెప్పినా. పెద్దసామికి చెప్పినా, నీకూ చెప్పినా. ఆయన గట్టోడేనమ్మా. అన్ని రాత్రులు ఒక్కడే నిలబడినాడు. నిలబడలేనిది నేను."

సుంకమ్మ చేతిలోంచి పైపు జారలేదు. ఆమె దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. నీళ్ళు ఆమె పాదాల మీదుగా పారి, మెట్ల పక్క మట్టిలోకి ఇంకుతున్నాయి.

"కొట్టినాడా?" అంది.

"కొట్టినాడమ్మా."

"పేరు పెట్టి పిలిసినాడా, ఊరికే కొట్టినాడా?"

"పిలిచినాడు. చిన్నసామీ, చిన్నసామీ అని."

ఆమె కొళాయి దగ్గరికి వెళ్ళి కట్టేసింది. పైపు చుట్ట చుట్టి గోడకు తగిలించింది. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. వెనక్కి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. ఏడవలేదు. తిట్టినా, చెంప మీద కొట్టినా అతనికి కొంత తేలికయ్యేది. ఆమె ఆ పని కూడా చేసిపెట్టలేదు.

"మొన్న బడిలో అయివారు అడిగినాడంట, మీ నాయన ఎట్ల సచ్చిపోయినాడ్రా అని," అంది. "మా పెద్దోడు లేసి చెప్పినాడంట. మా నాయన గట్టోడు కాదు సార్, అందుకే సచ్చిపోయినాడు అని. నేను నేర్పిచ్చిన మాటే. మీరు చెప్తిరి, నేను నేర్పిస్తి. చిన్నోడు కలవరిచ్చినా అదే మాట."

రసూల్ రెండు చేతులూ జోడించాడు.

"మీరొచ్చి చెప్పండి వాళ్ళకు," అంది సుంకమ్మ.

"వస్తానమ్మా. రేపు గంధం అయిపోయినాక, జనం పోయినాక, తప్పకుండా..."

"ఇప్పుడే."

అతను వెనక్కి తిరిగి వసారా వైపు చూశాడు. ఎవరైనా పిలుస్తారేమో, ఏదైనా పని చెప్తారేమో అన్నట్టు చూశాడు. పీరాసామి అతని వంక చూడలేదు. మద్దిలేటి రెండు చేతుల నిండా దూది పట్టుకుని ఉంటే, ముసలాయన దిండు గలీబు నోరు తెరిచి పట్టుకుని, కూరమని చెప్తున్నాడు.

సుంకమ్మ చెప్పులు వేసుకుని, ముందు నడిచింది. రసూల్ తడిసిన లుంగీతో, టోపీ లేకుండా వెనక నడిచాడు. పూలబుట్టలతో, రంగు కాగితాలతో ఊరివాళ్ళు గుట్ట ఎక్కివస్తున్నారు. అతన్ని చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఒక ముసలావిడ వంగి కాళ్ళకు దండం పెట్టబోయింది. "పటకా రేపేనంట గదా చిన్నసామీ" అన్నాడు ఒకతను సంబరంగా. రసూల్ పలకలేదు. దారి మధ్యలో నిలబడిపోయాడు.

సుంకమ్మ వెనక్కి తిరక్కుండానే అంది.

"పిల్లోళ్ళు బడి నుంచి వచ్చే యాళయింది. బిరీన నడువప్పా."